ఎండిన చెట్టే కదా, అనకండి
మూడు రాష్ట్రాల అటవీ శాఖలకు బస్తర్ నుంచి ఒక బహిరంగ లేఖ

ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల ప్రధాన ముఖ్య అటవీ సంరక్షణాధికారుల సముఖానికి,



మీ మూడు రాష్ట్రాలూ మూడు పక్షులను తమ గుర్తులుగా ఎంచుకున్నాయి. ఛత్తీస్‌గఢ్‌కు కొండ గోరింక, ఇక్కడివాళ్ళ నోట పహాడీ మైనా. తెలంగాణకు పాలపిట్ట. ఆంధ్రప్రదేశ్‌కు 2018 నుంచి రామచిలుక. ఈ మూడింటినీ ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూశారా? రంగులో, గొంతులో, తిండిలో ఒకదానికొకటి పోలిక లేదు. ఒక్క విషయంలో మాత్రం మూడూ ఒకే గూటి పక్షులు. కొమ్మల నడుమ పుల్లలు పేర్చి గూడు అల్లుకోవడం వీటిలో దేనికీ తెలియదు. మూడూ తొర్రలో గుడ్లు పెట్టి పిల్లలను పెంచేవే. తొర్ర దొరికితేనే వీటికి సంసారం.

మరి తొర్ర పడ్డ చెట్టును, ఎండి నిలబడ్డ మానును పనికిరాని సరుకుగా చూసే అలవాటు మన కార్యాలయాల్లో, మన కాంట్రాక్టుల్లో, మన రోడ్ల పక్కన ఇంకా ఎందుకు మిగిలి ఉంది? ఈ ఉత్తరం రాయడానికి ఈ ఒక్క ప్రశ్నే కారణం.

నేను జగదల్‌పూర్‌లో ఉంటాను. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలుపట్టాలు వేసే రోజుల్లో మా తాత విశాఖ వైపు నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. హిందీలోనో ఇంగ్లీషులోనో రాయాల్సిన ఉత్తరాన్ని తెలుగులో రాయడానికి కారణం ఉంది. కొంటా, భోపాలపట్నం వైపు తెలుగు ఇంటి భాష. మా ఊరి మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారి సుక్మా, కొంటా దాటి భద్రాచలం మీదుగా విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దాకా వెళుతుంది. ఆ దారిలో ఎక్కడ ఏ రాష్ట్రం మొదలవుతుందో బోర్డు చదివితే తప్ప మనిషికే తెలియదు, ఇక పిట్టకేం తెలుస్తుంది? అందుకే మీ ముగ్గురికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను.

ఈ ఏడాది మార్చి ఆఖరివారంలో, మా ఇంటికి తిరిగే మలుపు దగ్గర ఒక ఎండు ఇప్పమానును కొట్టేశారు. ఎవరు కొట్టించారో ఇక్కడ రాయను. ఒకరిని పట్టుకుని నిలదీయడానికి కాదు ఈ ఉత్తరం. ఆ మాను ఎండి నాలుగైదేళ్ళయింది. ఆకు లేదు, పువ్వు లేదు. మూడు నిలువుల ఎత్తులో ఒక గుండ్రటి తొర్ర మాత్రం ఉండేది. ఆ తొర్రలో ఏటా రామచిలుకలు పిల్లలు చేసేవి. మాను పడ్డ చప్పుడుకు నేను బయటికి వచ్చేసరికి కాండం తొర్ర దగ్గరే చీలి రెండయింది. పొడిచెక్క మధ్యలో మూడు పిల్లలు. ఈకలు ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు, పచ్చటి సూదుల్లా వరసగా నిలబడి ఉన్నాయి. రెండు అప్పటికే చనిపోయాయి. మూడోది సాయంత్రం దాకా నా అరచేతిలో వెచ్చగా ఉండి, ఆ తర్వాత చల్లబడిపోయింది. తల్లీతండ్రీ చీకటి పడేదాకా ఆ ఖాళీ చుట్టూ అరుస్తూ తిరిగాయి. మాను లేదు, కానీ తొర్ర ఉండాల్సిన ఎత్తులోనే గాలిలో చక్కర్లు కొట్టాయి.

రంపం పట్టిన మనిషిని అడిగాను. అతను కర్కశుడు కాడు, నా చేతిలో పిల్లను చూసి తల దించుకున్నాడు. "ఎండిన చెట్టే కదా అనుకున్నాం" అన్నాడు. ఆ మాట అతను పుట్టించింది కాదు. అది అతనికి ఎవరు నేర్పారు? చెట్టును చుట్టుకొలతతో, కలప తరగతితో, వంటచెరకు బరువుతో కొలిచే పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది? కొట్టాల్సిన చెట్లకు గుర్తులు వేసే మీ జాబితాల్లో జాతి రాసే గడి ఉంటుంది, చుట్టుకొలత రాసే గడి ఉంటుంది, నాణ్యత రాసే గడి ఉంటుంది. "తొర్ర ఉంది, అందులో కాపురం ఉంది" అని రాసుకునే గడి ఉందా? ఉంటే దాన్ని మీ కింది ఉద్యోగులు నింపుతున్నారో లేదో ఎవరు చూస్తున్నారు?

తొర్ర ఎలా పుడుతుందో మీకు నేను చెప్పనవసరం లేదు. మీ శిక్షణలోనే అది ఉంటుంది. అయినా ప్రజల ముందు ఒకసారి గుర్తుచేస్తాను. గాలివానకు కొమ్మ విరుగుతుంది. విరిగినచోట తేమ దిగి బూజు పడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ లోపలి చేవ మెత్తబడుతుంది. అప్పుడు వడ్రంగి పిట్ట వస్తుంది. రెండు మూడు వారాలు తలతో సుత్తి కొట్టినట్టు కొట్టి గది తొలుచుకుని, ఒక విడత పిల్లలను పెంచుకుంటుంది. మరుసటి ఏడు చాలావరకు కొత్తది తొలుచుకుంటుంది. అది వదిలేసిన గదే తర్వాత చిలుకకు, గోరింకకు, పాలపిట్టకు, పగటిపూట తొర్రలోంచి కళ్ళు తిప్పుతూ చూసే పైడికంటికి ఇల్లవుతుంది. చిలుక తన ముక్కుతో గుమ్మాన్ని కాస్త వెడల్పు చేసుకోగలదు. కొండ గోరింకకు ఆ పాటి పనిముట్టు కూడా లేదు. ఎవరో తొలిచి వదిలిన ఇల్లో, దానంతట అదే పడ్డ తొర్రో దొరకాల్సిందే. అంటే ఒక్క ఎండుమాను పడితే ఒక్క పిట్ట ఇల్లు మాత్రమే పోదు. వరసగా పదేళ్ళపాటు అందులో కాపురం చేయాల్సిన కుటుంబాలన్నీ పోతాయి.

"ఒకటి కొడితే పది నాటుతున్నాం" అని మీరు అంటారని తెలుసు. ప్రత్యామ్నాయ వనీకరణ నిధికి 2016లో చట్టమే వచ్చింది. నాటడాన్ని నేను కాదనను. కానీ ఈ వానాకాలం నాటిన మొక్కకు తొర్ర పడేది ఎప్పుడు? కాండం లావెక్కాలి, కొమ్మ విరగాలి, చేవ మెత్తబడాలి. మీలో ఎవరి ఉద్యోగకాలంలోనైనా అది జరుగుతుందా? ఇవాళ గుడ్డు పెట్టాల్సిన పక్షిని రెండు తరాల తర్వాత రమ్మని చెప్పగలమా? పది మొక్కలు పది చెట్లకు లెక్క కావచ్చు. అవి ఒక్క తొర్రకు లెక్క కావు.

ఈ పాఠం బస్తర్‌కు కొత్త కాదు. 1970ల్లో ఇక్కడి సాల్ అడవిని, మన గుగ్గిలం చెట్టును, ఇక్కడి హల్బీ భాషలో సర్గీ అనే చెట్టును తీసేసి, కాగితపు గుజ్జు కోసం విదేశీ పైన్ నాటాలని ప్రపంచ బ్యాంకు సాయంతో ఒక పథకం వచ్చింది. ఆదివాసులు ఒప్పుకోలేదు. 1980ల మొదట్లో ఆ పథకం ఆగింది. వాళ్ళకు అప్పుడే అర్థమైన సంగతి ఇది: వరసలు కట్టి నాటి, ఒకే వయసులో కోసే తోటలో చెట్లు ముసలివి కావు. ముసలి చెట్టు లేని అడవిలో తొర్ర ఉండదు, తొర్ర లేని అడవిలో పిట్ట కాపురం ఉండదు. చెట్లు మాత్రమే ఉన్న చోటును అడవి అని పిలవగలమా?

ఛత్తీస్‌గఢ్ అధికారులారా, ఇప్పుడు మీతో ఒక మాట. మీ రాష్ట్ర పక్షి గురించి మీరు పడ్డ తాపత్రయాన్ని నేను తక్కువ చేయను. జగదల్‌పూర్ వన విద్యాలయంలో పెద్ద పంజరం కట్టి కొండ గోరింకలకు పిల్లలు పుట్టించాలని ఏళ్ళ తరబడి ప్రయత్నించారు. ఆడ ఏదో మగ ఏదో కంటికి తెలియని జాతి అది. రెండింటికీ అదే నల్లటి మెరుపు, అదే నారింజ ముక్కు, మెడ వెనక అదే పసుపు తోలు మడత. జత కుదర్చడమే పెద్ద సమస్య అయింది. కోరిన ఫలితం రాలేదు. ఆ వైఫల్యానికి నేను మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. పంజరం మీద పెట్టినంత శ్రద్ధ చెట్టు మీద ఎందుకు పెట్టలేదన్నదే నా ప్రశ్న.

ఈ పక్షిని పంజరంలో మాట్లాడే పిట్టగానే లోకం ఎరుగును. అడవిలో దాని గొంతు ఏమిటో 1970లో బ్రయాన్ బెర్ట్రామ్ అనే శాస్త్రజ్ఞుడు అస్సాం పరిశీలనలతో వివరంగా రాశాడు. అడవిలోని కొండ గోరింక వేరే పిట్టల గొంతును అనుకరించదు. పిల్లగా ఉన్నప్పుడు ఇరుగుపొరుగు గోరింకల దగ్గర కొన్ని పిలుపులు నేర్చుకుంటుంది, ఆ కొద్ది పిలుపులతోనే బతుకుతుంది. పదిహేను కిలోమీటర్ల దూరం దాటితే ఆ పిలుపులు పూర్తిగా మారిపోతాయి. బస్తర్‌లో పుట్టిన ఎవరికైనా ఈ సంగతి చెబితే వెంటనే అర్థమవుతుంది. హల్బీ మాట్లాడే ఊరు దాటితే గోండీ, అది దాటితే ధుర్వీ, ఇంకా దక్షిణానికి పోతే దోర్లీ, ఆ తర్వాత తెలుగు. ఈ నేల మీద మనుషులకు ఎలా ఊరికో యాస ఉందో పక్షికీ అలాగే లోయకో యాస. పంజరంలో పుట్టిన పిల్లకు ఆ యాస ఎవరు నేర్పుతారు? మన మాటలు పలికే గోరింకను చూసి మురిసిపోయే ముందు, దాని మాటలు దానికి ఎవరు మిగిల్చారో ఆలోచించమని ప్రజలకు చెప్పాల్సింది మీరు కాదా?

మీరు చేసిన మంచి పనినీ చెబుతాను. కాంగేర్ లోయ జాతీయ ఉద్యానం చుట్టుపక్కల ఊళ్ళ యువకులను 'మైనా మిత్రులు'గా పెట్టుకున్నారు. గోరింకలు ఏ చెట్టు తొర్రలో దిగాయో వెతికి, పిల్లలు ఎగిరేదాకా కనిపెట్టుకుని ఉండటం వాళ్ళ పని. ఊళ్ళలో పిల్లల చేతిలోని గులేర్లు పక్కన పెట్టించడం కూడా ఈ పనిలో భాగమే. పంజరం చేయలేనిది ఆ కుర్రాళ్ళ కళ్ళు చేస్తున్నాయి. అరుణాచల్‌లోని పక్కే అడవిలో 2011 ప్రాంతం నుంచి న్యిషీ యువకులు పెద్ద ముక్కు హార్న్‌బిల్ పక్షుల గూళ్ళకు ఇలాగే కాపలా ఉంటున్నారు. ఒకప్పుడు వేటగాళ్ళ ఊళ్ళుగా పేరుపడ్డచోట గూటికి కాపలాదారు పుట్టాడు. కాంగేర్ లోయలో అదే మార్పు మొదలైంది. ఆ మార్పును నిలబెట్టే బాధ్యత మీది. ఇది ఒక పథకం డబ్బు ఉన్నన్నాళ్ళు నడిచి, అయిపోయాక ఆగిపోయే పనేనా? మైనా మిత్రుడికి నెల నెలా జీతం, సెలవు, ప్రమాద బీమా ఉండాలని అడగడం అత్యాశా?

కాంగేర్ లోయను 1982లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. సుమారు 200 చదరపు కిలోమీటర్లు. ఉత్తరాది సాల్ అడవీ దక్షిణాది టేకు అడవీ కలిసే చోటు అది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో దానికి చోటు దక్కింది. గర్వపడాల్సిన సంగతే. కానీ గోరింకకు ఉద్యానం సరిహద్దు రాయి తెలియదు. రావి, మర్రి, మేడి పళ్ళ కోసం, బూరుగపూల తేనె కోసం అది ఊళ్ళ మీదికి వస్తుంది. అడవి అంచుల్లో, పొలాల మధ్య మిగిలిన పెద్ద మానుల్లో గూడు వెతుకుతుంది. ఉద్యానం లోపల కాపాడి, గేటు బయట "ఎండిన చెట్టే కదా" అంటే సగం పనే చేసినట్టు.

ఇక మా పెరటి సంగతి. చెట్టు పోయినచోట ఏం చేయవచ్చో నాకు అక్కడే తెలిసింది.

మా పెరట్లో మామిడిచెట్టుకు ఒక చెక్కపెట్టె వేలాడుతోంది. పాత తలుపు చెక్కతో పొరుగింటి వడ్రంగి చేసిచ్చాడు. జానెడు వెడల్పు, జానెడున్నర ఎత్తు, ముందు చిన్న నిమ్మకాయ దూరేంత కన్నం. మొదటి ఏడాది అందం కోసం కన్నం కింద ఒక పుల్ల బిగించాడు. ఆ పుల్ల మీద కాకి వాలి ముక్కు లోపలికి పెట్టి గుడ్లు తినేసింది. పుల్ల తీసేశాం. రెండో ఏడాది వానజల్లు నేరుగా లోపలికి కొట్టింది. పెట్టెను నైరుతి గాలికి వీపు పెట్టేలా తిప్పాం. అడుగున నీళ్ళు జారడానికి నాలుగు సన్న రంధ్రాలు వేశాం. మూడో ఏడాది మార్చిలో పెద్ద నలంచి జంట వచ్చింది. ఇక్కడ హిందీలో దహియల్ అంటారు. నలుపు తెలుపు ఒంటితో, తెల్లవారకముందే డిష్ యాంటెన్నా మీద కూర్చుని పాట మొదలుపెట్టే పిట్ట.

ఆడది ఒక్కతే గడ్డిపోచలు, సన్న వేళ్ళు, కొబ్బరిపీచు మోసుకొచ్చింది. నాలుగు గుడ్లు, నీలి ఆకుపచ్చ మీద గోధుమరంగు మరకలు. దాదాపు పన్నెండు రోజులు ఆడదే పొదిగింది. మగది యాంటెన్నా మీద కాపలా. పిల్లలు పుట్టాక ఇద్దరికీ తీరిక లేదు. నేను టీ గ్లాసు పట్టుకుని కూర్చుని, అది ఖాళీ అయ్యేలోపు నాలుగైదుసార్లు వచ్చిపోయేవి. ముక్కులో గొంగళిపురుగు, మిడత, ఒకసారి చిన్న బల్లిపిల్ల. తిండి పెట్టాక తల్లి వెంటనే ఎగిరిపోదు, ఒక్క క్షణం ఆగుతుంది. పిల్ల వెనక్కి తిరిగి తోక పైకెత్తి తెల్లటి చిన్న సంచిలాంటి రెట్ట వేస్తుంది. తల్లి దాన్ని కింద పడనివ్వదు. ముక్కుతో అందుకుని ప్రహరీ దాటి పారేసి వస్తుంది. పెట్టె కింద నేల శుభ్రంగా ఉంటే పిల్లికీ పాముకీ ఆనవాలు దొరకదని ఆ తల్లికి ఎవరు నేర్పారు? పదమూడో రోజు పొద్దున పిల్లలు ఒక్కొక్కటే గుమ్మంలోకి వచ్చి, చాలాసేపు బయటికి చూసి, దూకాయి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, పెట్టె తగిలించడం వేరు, పెట్టెను సాకడం వేరు. 2010 నుంచి మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం జరుపుకుంటున్నాం. ఆ రోజు ఎన్నో ఊళ్ళలో పెట్టెలు పంచుతారు, ఫొటోలు దిగుతారు. మరుసటి మార్చికి ఆ పెట్టెల్లో ఎన్ని నిలబడి ఉన్నాయో ఎవరైనా వెళ్ళి చూశారా? రేకు డబ్బాను ఎండలో వేలాడదీస్తే పిల్లలు లోపల ఉడికిపోతాయి. ప్లాస్టిక్‌లో తేమ నిలుస్తుంది. ఏటా వానలు తగ్గాక పాత గడ్డి తీసి శుభ్రం చేయకపోతే పురుగు పడుతుంది. కన్నం ఎంత ఉండాలో పిట్టను బట్టి మారుతుంది. పిచ్చుకకు సరిపోయేది గోరింకకు సరిపోదు. మేఘాలయలోని గారో కొండల్లో ఊరివాళ్ళు వెదురు బద్దలతో గూళ్ళు అల్లి, గడ్డి కప్పి, అడవి అంచు మాన్లకు కట్టేవాళ్ళు. కొండ గోరింకలు వాటిలో దిగి పిల్లలు చేసేవి. పిల్లలను పెంచి అమ్ముకోవడానికే వాళ్ళు కట్టారు. ఆ అమ్మకం మనకు వద్దు. అయినా మనిషి కట్టిన గూటిని కొండ గోరింక నమ్మి దిగుతుందన్న సంగతి అక్కడే రుజువైంది. దాన్ని బస్తర్‌లో కాపాడటానికి ఎందుకు వాడుకోకూడదు?

అమెరికాలో నీలిపిట్ట అనే తొర్ర పక్షి బాగా తగ్గిపోయింది. పాత కంచెగుంజలు, ఎండుమాన్లు పోవడం దానికి ఒక పెద్ద కారణం. 1930ల నుంచి అక్కడి గృహస్థులు, రైతులు దారి పొడవునా పెట్టెలు వరసగా పెట్టి చూసుకుంటూ రాగా అది తిరిగి కోలుకుంది. దాన్ని కాపాడింది ఒక్క చెక్కే కాదు, వెళ్ళి మూత ఎత్తి చూసిన మనుషులు కూడా. అక్కడ పెట్టె చివరి దారి అయింది. మనకు ఇంకా మొదటి దారి మూసుకుపోలేదు, తొర్రలున్న మాన్లు ఇంకా నిలబడి ఉన్నాయి.

తెలంగాణ అధికారులారా, దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమని మన నమ్మకం. ఆ నమ్మకం ఆకాశంలో ఎగిరే పిట్టను చూడటం కోసం పుట్టింది. పట్టుకొచ్చి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి, డబ్బుకు చూపించే వ్యాపారం ఆ నమ్మకాన్ని అవమానిస్తోంది. అది చట్టరీత్యా నేరం. పండుగ ముందు రోజుల్లో ఆ పంజరాలను ఆపాల్సిన బాధ్యత మీది. అంతకంటే ముఖ్యం, ఆ పిట్ట గుడ్లు పెట్టే ముసలి తాటిమోడులు, రోడ్డు పక్కల మాన్లు మిగిలి ఉండేలా చూడటం మీ చేతిలో ఉంది. చేవెళ్ల దారిలో మర్రిమాన్ల కోసం ప్రజలు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఆ మాన్ల తరఫున మొదట లేవాల్సిన గొంతు ఎవరిది?

ఆంధ్రప్రదేశ్ అధికారులారా, రామచిలుక ఎక్కడైనా బతుకుతుందని, దానికేం లోటు లేదని అనుకోవద్దు. పిల్లగా ఉండగానే తొర్రలోంచి తీసి అమ్మే వ్యాపారం దాని మీదే ఎక్కువ. పిల్ల కోసం చెయ్యి దూరేలా తొర్రను గొడ్డలితో వెడల్పు చేస్తే ఆ తొర్ర మళ్ళీ ఏ పిట్టకూ పనికిరాదు. ఒక పిల్లను ఎత్తుకుపోయినవాడు ఒక ఇంటిని శాశ్వతంగా కూల్చిపోతున్నాడు.

ప్రజలకు ఇందులో ఏం పోతుందని అడిగేవాళ్ళు ఉంటారు. మర్రిపండూ రావిపండూ తిని గింజలను అడవంతా చల్లేవి గోరింకలు. పొలంలో మిడతలను, పురుగులను ఏరేది పాలపిట్ట. ఎలుకలను పట్టేది పైడికంటి. 1990ల చివర్లో అప్పటి మధ్యప్రదేశ్ సాల్ అడవులకు కాండం తొలిచే పురుగు పట్టి లక్షల చెట్లు పాడైన సంగతి మీ శాఖకే బాగా తెలుసు. కాండంలోని పురుగును వెతికి తినే వడ్రంగి పిట్టకు గది మిగలకుండా చేసి, తర్వాత పురుగు పట్టిందని విచారించడంలో అర్థముందా? తెగులు నిజంగా పాకుతున్నచోట చెట్టు తీయాల్సి రావచ్చు. బడి కప్పు మీదికి ఒరిగిన మానును ఉంచమని ఏ తల్లీ అడగదు. కానీ తీయక తప్పని చెట్టునూ, తీయడం సులువు కనుక తీసిన చెట్టునూ ఒకే కాగితం మీద రాయవద్దు.

అందుకే నేను అడుగుతున్నవి ఇవి.

తొర్ర ఉన్న ప్రతి చెట్టుకూ మీ జాబితాలో ఒక గడి పెట్టండి. బీటులో తిరిగే గార్డు, గ్రామసభ, ఊరి పెద్దలు కలిసి ఆ చెట్లను లెక్కించి, కాండానికి ఒక తెల్ల పట్టీ వేయాలి. 2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడే హక్కును గ్రామసభకు ఇచ్చింది. ఆ హక్కుకు ఇంతకంటే మంచి పని ఏముంది?

ఫిబ్రవరి నుంచి జూలై దాకా, గుడ్లూ పిల్లలూ ఉండే నెలల్లో, ప్రాణాపాయం ఉంటే తప్ప పాత మాన్ల మీద గొడ్డలి పడకూడదు. రోడ్డు పని అయినా, కరెంటు తీగల పని అయినా ఇదే నియమం వర్తించాలి.

తొర్రలు పోయినచోట, ఊళ్ళలో, బడుల్లో, కార్యాలయ ఆవరణల్లో చెక్కపెట్టెలు కట్టించండి. కొనుగోలు టెండరుతో కాదు, ఆ ఊరి వడ్రంగితో, ఆ ఊరి చెక్కతో చేయించండి. ప్రతి పెట్టెకూ ఒక బడి పిల్లను గాని, ఒక ఇంటిని గాని బాధ్యులను చేసి, మూడేళ్ళపాటు రాసి ఉంచే పుస్తకం ఇవ్వండి. గోరింక దిగిందా, నలంచి దిగిందా, ఎన్ని పిల్లలు ఎగిరాయో ఆ పుస్తకం చెబుతుంది. ఫొటోలు ఆ సంగతి చెప్పవు.

మైనా మిత్రులను ఉద్యోగులుగా గుర్తించి, కాంగేర్ లోయ బయటి ఊళ్ళకు కూడా వాళ్ళ పనిని విస్తరించండి. తూర్పు కనుమల్లో కొండ గోరింక ఉన్న పొరుగు రాష్ట్రాల అడవుల్లోనూ అలాంటి యువకులను పెట్టండి. వీటిలో దేనికీ కోట్లు అక్కర్లేదు. చూపు మారితే చాలు.

బస్తర్ దసరా డెబ్బై ఐదు రోజుల పండుగ. హరేలీ అమావాస్య నాడు పాట్ జాత్రాతో మొదలవుతుంది. దంతేశ్వరి అమ్మవారి రథానికి వాడే కలపకు ఆ రోజు పూజ చేస్తారు. రథం కోసమే అయినా సరే, కలప మీద పని మొదలుపెట్టే ముందు దాని ముందు తల వంచాలన్నది ఈ నేల మీది ఆచారం. దేవుడి పనికే అంత మర్యాద ఉన్న నేలలో, మన రోజువారీ పనికి చెట్టు ముందు ఒక్క నిమిషం ఆగలేమా?

ఆ ఒక్క నిమిషంలో ఏం చేయాలో కూడా చెబుతాను. మీ సంతకంతో రేపే ఒక ఉత్తర్వు ఇవ్వవచ్చు. రంపం పెట్టే ముందు గొడ్డలి వెనక భాగంతో మానును రెండుసార్లు మెల్లగా తట్టి, తల ఎత్తి చూడాలి. లోపల కాపురం ఉంటే చాలాసార్లు ఒక తల బయటికి వస్తుంది. మా మలుపు దగ్గరి ఇప్పమానును ఆ రోజు ఎవరూ తట్టలేదు.

భవదీయుడు,
జగదల్‌పూర్ తెలుగు నివాసి ఒకరు
బస్తర్ జిల్లా, ఛత్తీస్‌గఢ్